మడతక్క కూర్చుంది

ఆ బజారు మొత్తానికి పెద్దదైన బట్టల దుకాణంలో రెండో అంతస్తు ఎక్కి దుప్పట్లెక్కడ అని అడిగితే, ఎవరైనా మడతక్కనే చూపిస్తారు. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గాని, దుకాణంలో అది ఎవరికీ గుర్తుండదు. కొనడానికి వచ్చినవాళ్ళు అరంతా విప్పించి, రంగు బాలేదని ఒకటీ, పొడవు చాలదని ఒకటీ వంక పెట్టి, చివరికి వట్టి చేతులతో వెళ్ళిపోయినా ఆమె మొహం ముడుచుకోదు. వాళ్ళు మెట్లు దిగేలోగా ఆ దుప్పట్లన్నీ అంచుకి అంచు, మూలకి మూల కలిసి, అసలు విప్పనేలేదన్నట్టు అరలోకి చేరిపోతాయి. పక్క బల్లల దగ్గర పనిచేసే ఆడపిల్లలు ఆ పని చూసే ఆమెకు ఆ పేరు పెట్టారు. పెళ్ళయిన మరుసటి ఏడు ఈ కొట్లో చేరింది. ఇప్పుడు కూతురు తల్లి భుజం దాటి ఎదిగింది.

ఆ దుకాణంలో కుర్చీలకు కరువు లేదు. కొనేవాళ్ళకు మెత్తలు వేసిన కుర్చీలున్నాయి. డబ్బు తీసుకునే అబ్బాయికి గిర్రున తిరిగే కుర్చీ ఉంది. యజమాని గదిలో అయితే పడుకుని దొర్లేంత సోఫా ఉంది. అమ్మే ఆడవాళ్ళకు మాత్రం ఏమీ లేదు. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా నిలబడే ఉండాలి. మధ్యలో ఎవరూ రాని గంటలుంటాయి. అప్పుడూ నిలబడాలి. గోడకి ఆనుకున్నా తప్పే. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. చేరిన రోజునే సూపర్‌వైజరు చెప్పేవాడు.

"కొనేవాళ్ళు మెట్లెక్కి రాగానే మీరు నిలబడి కనపడాలమ్మా. కూర్చున్న మనిషిని చూస్తే కొట్టు కునికిపాట్లు పడుతోందనుకుంటారు."

ఎప్పుడు వెనక్కి తిరిగినా అక్కడే ఉంటాడని ఆయనకు నీడసారు అని పేరు. మనిషి చెడ్డవాడు కాదు. యజమాని ఎంత చెబితే అంత, ఇంకొంచెం జాగ్రత్త కోసం రవ్వంత ఎక్కువ.

మడతక్క సాయంత్రం ఇంటికి చేరేసరికి పిక్కలు రాళ్ళలా బిగిసిపోయి ఉండేవి. చీలమండల దగ్గర నరాలు నీలం దారాల్లా పైకి తేలి కనిపించేవి. పగలు నీళ్ళు తాగేది కాదు. తాగితే బాత్రూముకి వెళ్ళాలి, వెళ్ళాలంటే నీడసారుని అడగాలి. అడిగి పంపించుకోవడం కంటే దాహమే నయమని చాలామంది ఆడవాళ్ళు నోరెండబెట్టుకుని ఉండేవారు. ఇంట్లో ఆమె గోడవారగా పడుకుని కాళ్ళు గోడ మీదికి ఎత్తి పెట్టుకుంటే, భర్త చూసి నవ్వేవాడు. అతను వడ్రంగి.

"ఇవి కాళ్ళా, బల్లకి పెట్టే కోళ్ళా? ఇలా ఇవ్వు, కాస్త చిత్రిక పడతాను."

ఆమె కూడా నవ్వేసేది. అది అన్యాయమని ఆమెకు తోచలేదు. వానలో నడిస్తే తడుస్తాం, కొట్లో పనిచేస్తే నిలబడతాం. అంతే అనుకుంది, ఏళ్ళ తరబడి.

అలా అనుకోవడం ఒక మధ్యాహ్నం పూట ఆగిపోయింది. పరదాల దగ్గర ఒక కొత్త పిల్ల చేరింది. నెమ్మదైన పిల్ల, గట్టిగా మాట్లాడితే ఎవరికైనా తగులుతుందేమో అన్నట్టు మాట్లాడేది. కడుపుతో ఉంది. ఆ సంగతి మడతక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కడుపు కనపడితే, "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో అమ్మా" అని తియ్యగా చెప్పి పంపేస్తారు, మళ్ళీ పిలవరు. అందుకని వదులు చొక్కాలు వేసుకుని, పళ్ళ బిగువున రోజులు నెట్టుకొస్తోంది. ఆ మధ్యాహ్నం ఎవరికో పరదా చూపిస్తూ చూపిస్తూ, ఆ పరదానే పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయింది. పరదా కూడా ఊడి ఆమె మీద పడింది.

నీడసారు పరిగెత్తుకొచ్చాడు. ముందు పరదా చిరిగిందేమో చూశాడు, తరవాత మనిషిని చూశాడు. చూసి తనే సిగ్గుపడ్డట్టు, గబగబా మంచినీళ్ళు తెప్పించాడు. కొనడానికి వచ్చినావిడ లేచి తన కుర్చీలో పిల్లను కూర్చోబెట్టింది. కాసేపు కొంగుతో మొహాన విసిరి, పిల్ల కళ్ళు తెరిచాక, ఆవిడ తన దారిన వెళ్ళిపోయింది. అప్పుడు నీడసారు పైకి, కెమెరా ఉన్న మూలకి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"తేరుకున్నావుగా. ఇంక లేమ్మా."

పిల్ల లేచింది. కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవలసినవాళ్ళెవరూ ఆ అంతస్తులో లేరు. అయినా పిల్ల దాని వీపు పట్టుకుని, తూలిపోకుండా నిలబడి ఉంది. దుప్పటి మడత పెడుతున్న మడతక్క చేతులు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం భర్తతో అంది, "నాకో స్టూలు చేసిపెడతావా? చిన్నది. బల్ల వెనక పట్టాలి, బయటికి కనపడకూడదు."

"నీకేనా?"

"నాకు కాదు."

మూల కూర్చుని అంతా వింటున్న అత్తగారు అడిగింది. "అంత పెద్ద కొట్టు అంటావు, కుర్చీలు లేవా?"

"ఉన్నాయత్తయ్యా. మనిషిని బట్టి ఉన్నాయి."

భర్త మిగిలిపోయిన చెక్కముక్కలు ఏరి, మూడు కాళ్ళ స్టూలు ఒకటి చేశాడు. గుచ్చుకోకుండా అంచులు నున్నగా అరగదీశాడు. మర్నాడు మడతక్క దాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి తీసుకెళ్ళింది. ఎవరూ అడ్డుకోలేదు. ఆ దుకాణంలో పనివాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు సంచులు వెతుకుతారు గాని, వచ్చేటప్పుడు చూడరు. పనివాళ్ళు ఎత్తుకుపోతారన్న అనుమానమే తప్ప, తెచ్చి పెడతారన్న అనుమానం ఏ యజమానికీ రాదు కదా.

పరదాల పిల్ల రోజంతా దొంగచాటుగా, కూర్చున్నదో వంగి ఉన్నదో తెలియకుండా కాసేపు కూర్చుని, కాసేపు లేచి గడిపింది. సాయంత్రానికల్లా నీడసారు కంట పడింది. ఆయన స్టూలు తీసుకెళ్ళి మెట్ల కింద గదిలో పడేశాడు. "ఇది బట్టల కొట్టు, కలప అడితి కాదు" అన్నాడు.

మర్నాడు మడతక్క ఇంకోటి తెచ్చింది. అదీ మెట్ల కిందికి పోయింది.

"నిన్నటిది ఏమైంది?" అని భర్త అడిగితే, "మొన్నటిదానికి తోడు వెళ్ళింది" అంది.

"అయితే ఇంకోటి చేస్తాను. రెండే ఉంటే పోట్లాడుకుంటాయి" అన్నాడతను. అతని వంతు సాయం అలాగే ఉండేది. వద్దనలేదు, శభాష్ అనలేదు, చేసిపెట్టాడు.

ఈ వరస కొన్నాళ్ళు సాగింది. ఒక రోజు నీడసారు ఆమెను మెట్ల మలుపులో ఆపాడు. కోపం కంటే బెంగే ఎక్కువగా ఉంది మొహంలో.

"మడతక్కా, నా ఉద్యోగానికి ఎసరు పెడతావా ఏంటి?"

"మీరూ పొద్దుట్నుంచి నిలబడే ఉన్నారుగా సార్. మీకూ ఒకటి చేయించమంటారా?"

ఆయనకు కోపం రావాల్సిన మాట. రాలేదు. ఆయన "నా మోకాళ్ళు పోయి చాలా కాలమైందిలే" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆయన స్టూళ్ళు జప్తు చేయడం మానలేదు గాని, సాయంత్రం అయ్యేదాకా ఆయన కళ్ళకు అవి కనపడటం మానేశాయి.

ఈలోగా మెట్ల కింద ఒక తమాషా జరిగింది. అమ్మే ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం భోజనం చేసేది ఆ గదిలోనే. అట్టపెట్టెలు చింపి నేల మీద పరుచుకుని తినేవారు. ఇప్పుడు జప్తు చేసిన స్టూళ్ళ మీద దర్జాగా కూర్చుని తింటున్నారు. తువ్వాళ్ళ బల్ల దగ్గర పనిచేసే నోటి దురుసు మనిషి ఒకావిడ, "ఇంకో నాలుగు పట్టించు అక్కా, మా ఆయన్ని కూడా పిలుచుకొస్తాను" అనేది.

పెద్ద తగ్గింపు ధరల అమ్మకాలు మొదలయ్యే ముందు యజమాని దుకాణమంతా చూసుకోవడానికి కిందికి దిగాడు. మెట్ల కింద గది తలుపు తీసి, స్టూళ్ళ గుట్ట చూసి నిలబడిపోయాడు.

"మనం వీటి బేరం ఎప్పట్నుంచి మొదలెట్టాం?" అన్నాడు.

నీడసారు నోట విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. యజమాని అరవలేదు. అరిచే మనిషి కాదు. "బయట పారేయించండి" అని మాత్రం చెప్పి, రెండో అంతస్తు చూడటానికి మెట్లెక్కాడు. ఆ మాట ఆయన కంటే ముందే పైకి చేరింది.

ఆ తరవాత తను చేసిన పని ముందుగా అనుకుని చేసింది కాదని మడతక్క ఎప్పుడూ చెబుతుంది. ఆ సమయానికి అంతస్తులో కొనేవాళ్ళెవరూ లేరు. ఆమె బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, కొనేవాళ్ళ కోసం వేసిన మెత్తటి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోని కుర్చీ. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. అందరూ కొయ్యబారిపోయి చూస్తున్నారు. ముందుగా పరదాల పిల్ల వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. తరవాత తువ్వాళ్ళావిడ. తరవాత ఇంకా కొందరు. ముగ్గురు మాత్రం కదలలేదు. ఇంటి దగ్గర వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. వాళ్ళను ఆ తరవాత కూడా మడతక్క పల్లెత్తు మాట అనలేదు.

యజమాని వచ్చి ఆమె ఎదురుగా ఆగాడు.

"లేమ్మా."

"ఎవరైనా వస్తే లేస్తానండీ. ఇప్పుడెవరూ లేరు."

"నేనొచ్చాను కదా."

"మీరు దుప్పటి కొనడానికి రాలేదు కదండీ."

ఆమె ఎగతాళికి అనలేదు. ఉన్నమాట అన్నది. వెనకెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. యజమాని మొహం ఎర్రబడినా గొంతు పెంచలేదు.

"ఈ కొట్టు మా నాన్న పెట్టింది. అప్పుడు ఇంత భవనం లేదు, ఒకటే గది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా నిలబడే అమ్మాడు. ఒక్కనాడు కూర్చుని ఎరగడు. నిలబడితే ఎవరూ అరిగిపోరు."

"నిలబడ్డారండీ, కాదనను. కానీ ఆయన నిలబడింది సొంత కొట్లో. కాళ్ళు లాగితే కూర్చోవచ్చని ఆయనకు తెలుసు. కూర్చోవద్దని ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. ఈ పిల్ల మొన్న కళ్ళు తిరిగి పడిపోయింది. పడిపోయిన మనిషిని కూడా కుర్చీ ఖాళీగా ఉండగానే లేపేశాం."

యజమాని పరదాల పిల్లకేసి చూశాడు. ఆ పిల్ల చేతులు పొట్ట మీద అడ్డంగా పెట్టుకుని ఉంది. దాచవలసింది ఇంక దాగలేదు. ఆయన నీడసారు వైపు తిరిగాడు.

"రేపట్నుంచి ఈ దుప్పట్లామెను గోడౌన్‌కి పంపండి" అన్నాడు. పరదాల పిల్ల గురించి ఏమీ అనలేదు.

గోడౌను దుకాణం వెనక ఉంది. కిటికీ లేని గది, పైకప్పు దాకా మూటలు, ముక్కులో దూరే బట్టల నూగు. మాట్లాడటానికి మనిషి ఉండడు. ఆమెకు అన్నిటికంటే అదే బాధగా ఉండేది. కొత్త కాపురం పెట్టబోతున్న జంటలు రంగు దగ్గర పోట్లాడుకోవడం, తల్లులు దుప్పటి చెంపకు ఆనించుకుని మెత్తదనం చూసుకోవడం, ఇవన్నీ ఆమెకు ఇష్టం. ఇక్కడ కావలసినంత సేపు మూటల మీద కూర్చోవచ్చు. "కూర్చుంటానన్నావు, కూర్చోబెట్టారు" అని భర్త నవ్వించబోయాడు గాని, ఆమె దగ్గు విని మధ్యలోనే ఆపేశాడు. అత్తగారు, "మానేసెయ్, ఇంకెక్కడైనా దొరక్కపోదు" అంది. "మానేస్తే కూర్చున్నందుకు పోయిందంటారు అత్తయ్యా. అక్కడున్న పిల్లలు ఇంక ఈ జన్మలో కూర్చోరు" అంది మడతక్క.

కానీ పైన ఆమె లేకపోయినా కూర్చోవడం ఆగలేదు. కొనేవాళ్ళు లేనప్పుడు ఒకరి తరవాత ఒకరు, వంతులేసుకుని, బల్లల వెనక నేల మీద కూర్చుంటున్నారు. కూర్చోకుండా ఉండిపోయిన ముగ్గురూ మెట్ల వైపు కాపలా కాస్తున్నారు. అందరినీ గోడౌన్‌కి పంపితే కొట్టు నడవదని ఆ ఆడవాళ్ళందరికీ ఈపాటికి అర్థమైంది. నీడసారు ఆ సమయాల్లో కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూసేవాడు. వీధిలో ఆయనకు అంత పనేముందో ఎవరూ అడగలేదు. అమ్మకాల రోజులొచ్చాయి. జనం విరగబడ్డారు. యజమాని నీడసారుని పిలిచి సంగతేమిటని అడిగినప్పుడు, ఆ మనిషి ఉద్యోగంలో మొదటిసారిగా అడగని మాట ఒకటి చెప్పాడట.

"వ్యాపారం తగ్గలేదు సార్. కాస్త కూర్చుని లేచినవాళ్ళు కొనేవాళ్ళతో విసుక్కోకుండా మాట్లాడుతున్నారు. దుప్పట్ల దగ్గర మాత్రం మడతక్క లేక అంతా చిందరవందరగా ఉంది."

యజమాని మనసు కరిగిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆయన వ్యాపారి, లాభం ఎటున్నదో చూసుకున్నాడు. ఒక ఉదయం బల్లకొకటి చొప్పున నల్ల స్టూళ్ళు వచ్చాయి. కొనేవాళ్ళు లేనప్పుడు కూర్చోవచ్చని నీడసారు కాగితం చూసి చదివి వినిపించాడు. మడతక్కను పైకి పిలిచారు. నువ్వన్నది నిజమేనని ఎవరూ అనలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. పరదాల పిల్లను నెలలు నిండేదాకా ఉండనిచ్చారు. అందరూ మడతక్కను చుట్టుముట్టి ఆమె చేతులు పట్టుకున్నారు. ఈ కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ బాగుండేది.

స్టూళ్ళొచ్చిన వారం తిరక్కుండానే జరిగింది. దుకాణం ఊడ్చి, బాత్రూములు కడిగే ముసలావిడ ఒకామె ఉంది. అందరూ పెద్దమ్మా అనేవారు. ఆ రోజు రెండో అంతస్తు తుడవడం ముగించి, పరదాల దగ్గర ఖాళీగా ఉన్న స్టూలు మీద ఒక క్షణం కూలబడింది. పరదాల పిల్ల చూసి కంగారుగా దగ్గరికొచ్చింది.

"లే పెద్దమ్మా. ఇవి మాకిచ్చినవి. ఆయన చూస్తే ఉన్నవి కూడా తీసేస్తాడు."

పెద్దమ్మ లేచింది. లేచి, భుజం మీది గుడ్డతో తను కూర్చున్న స్టూలుని తుడిచి, బాల్చీ తీసుకుని వెళ్ళిపోయింది.

మడతక్క అదంతా చూసింది. పిల్లను తిట్టబుద్ధి కాలేదు. ఆ పిల్లది పొగరు కాదు, భయం. కానీ పెద్దమ్మ స్టూలు తుడవడం ఆమె కళ్ళలోంచి పోలేదు. మర్నాడు భోజనాల వేళ ఆమె మెట్ల కింద గదికి వెళ్ళకుండా పెద్దమ్మను వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవిడ ఎక్కడ తింటుందో ఇన్నేళ్ళలో తనకు తెలియదని, వెతుకుతున్నప్పుడే తెలిసింది. పెద్దమ్మ వెనక తలుపు బయట, చెత్తడబ్బాల పక్కన, ఏసీ పెట్టెలు వేడిగాలి చిమ్మే చోట, డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటోంది.

మడతక్క పక్కనే చతికిలబడింది. "నీక్కూడా ఒక స్టూలు ఇమ్మని అడుగుతాను పెద్దమ్మా" అంది.

"స్టూలెందుకమ్మా నాకు? నేను కూర్చుంటే చీపురు తనంతట తను ఊడుస్తుందా?" పెద్దమ్మ ఈగను తోలుకుంది. "నాకు కావాల్సింది అది కాదులే."

"మరేం కావాలి?"

ఆవిడ డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "మీతోపాటు ఆ గదిలో తినాలని ఉంటుంది. రావద్దని ఎవరూ అనలేదనుకో. రమ్మని కూడా ఎవరూ అనలేదు."

మడతక్కకు తల వంగిపోయింది. ఆ గదిలోకి యజమాని ఎప్పుడో ఒకసారి గాని రాడు. ఈ నియమం ఆయన పెట్టింది కాదు, నీడసారు చెప్పింది కాదు. రోజూ తలుపు వేసుకుని తింటూ, ఎవరూ ఒక మాటయినా అనుకోకుండా, తామే పెట్టుకున్నది. ఆమె లేచి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, డబ్బాతో సహా లోపలికి తీసుకొచ్చింది.

గదిలో అందరూ తలలెత్తి చూశారు. కొందరు జరిగారు. కొందరు జరిగినట్టు కదిలి అక్కడే ఉన్నారు. తువ్వాళ్ళావిడ గొణిగింది.

"ఆమె బాత్రూములు కడిగే చేతులతో వస్తుంది అక్కా."

"కడిగేది మనం పాడుచేసినవేగా" అంది మడతక్క, పెద్దమ్మకు చోటు చూపిస్తూ.

ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. తువ్వాళ్ళావిడ డబ్బా సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి తన బల్ల దగ్గరే తినడం మొదలుపెట్టింది. యజమానికి ఎదురు తిరిగినప్పుడు మడతక్క వెనక నిలిచినవాళ్ళలో కొందరు ఇప్పుడు ఆమెతో ముభావంగా ఉన్నారు. పైవాడితో పోట్లాడితే చప్పట్లు కొట్టినవాళ్ళే, మన మధ్య సంగతి ఎత్తేసరికి మొహం చాటేశారు. ఇంటికొచ్చి భర్తతో, "గోడౌనే నయం, అక్కడ మూటలు మూతి ముడుచుకోవు" అంది. అయినా రోజూ మధ్యాహ్నం వెనక తలుపు దగ్గరికి వెళ్ళి పెద్దమ్మను వెంటబెట్టుకు రావడం మానలేదు. పెద్దమ్మే కొన్ని రోజులు, "వద్దులేమ్మా, నా మూలాన మీకు తగువులు" అంటే, "నాతో తినడం నీకిష్టం లేకపోతే చెప్పు" అని నోరు మూయించేది.

బిగువు సడలింది ఎవరి ఉపదేశం వల్లా కాదు. పరదాల పిల్లకు అప్పటికి కడుపు బాగా పెరిగింది. కనపడిందల్లా తినాలనిపించే రోజులు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ డబ్బా మూత తీసేసరికి గదంతా కమ్మటి వాసన వచ్చింది. పిల్ల తన డబ్బా చూసుకుంది, ఆవిడ డబ్బా చూసింది, ఆగలేకపోయింది.

"పెద్దమ్మా, ఒక్క ముద్ద పెట్టవా?"

పెద్దమ్మ చెయ్యి డబ్బాలో అలాగే ఉండిపోయింది. మడతక్క వైపు చూసింది. మడతక్క కావాలనే తన భోజనంలో తలదూర్చింది. పెద్దమ్మ ముద్ద కలిపి, ఒక క్షణం తటపటాయించి, పిల్ల చాచిన చేతిలో పెట్టింది. పిల్ల తిని రెండో ముద్ద అడిగింది. ఆ రోజు పెద్దమ్మ డబ్బాలో సగం పిల్ల కడుపులోకే పోయింది, పిల్ల డబ్బా అంతా పెద్దమ్మకు వచ్చింది. స్టూలు మీంచి లేపినందుకు ఆ పిల్ల క్షమాపణ అడిగిందో లేదో మడతక్కకు తెలియదు. కాన్పుకి వెళ్ళే ముందు మాత్రం పెద్దమ్మ ఇంటి దారి కనుక్కుని వెళ్ళింది. తువ్వాళ్ళావిడ ఇప్పటికీ తన బల్ల దగ్గరే తింటుంది. ఆమెను మార్చాలని మడతక్క ప్రయత్నించలేదు. రావాలనిపించినప్పుడు వస్తుందని తలుపు దగ్గర చోటు మాత్రం ఉంచుతుంది.

ఈ సంగతి బజారంతా పాకింది. కొన్నాళ్ళకు రోడ్డుకి అవతల చెప్పుల దుకాణంలో పనిచేసే అమ్మాయిలు ఇద్దరు బస్‌స్టాపులో మడతక్కను పట్టుకున్నారు. వాళ్ళకు నిలబడటంతోపాటు రోజంతా వంగి చెప్పులు తొడిగే పని కూడా ఉంది.

"మాకూ స్టూళ్ళు కావాలక్కా. ఎలా మొదలెట్టాలో చెప్పు."

మడతక్క వాళ్ళ కాళ్ళకేసి చూసి, వాళ్ళ మొహాలకేసి చూసింది. "మీ కొట్లో ఊడ్చేవాళ్ళు ఎక్కడ తింటారు?" అని అడిగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ తెలియదు.

"ముందు వాళ్ళనీ మీలో కలుపుకోండి. అందరూ ఒక మాట మీద ఉంటే అప్పుడు మా ఇంటికి రండి" అని బస్సెక్కింది.

ఇది జరిగి చాలా కాలం కాలేదు. చెప్పుల దుకాణంలో ఇంకా స్టూళ్ళు రాలేదు, ఆ యజమాని ఈ యజమాని కంటే మొండి. అయినా సెలవు రోజుల్లో ఆ ఇద్దరమ్మాయిలూ, వాళ్ళ కొట్టు ఊడ్చే ఆవిడా కలిసి మడతక్క ఇంటికి వస్తున్నారు. అత్తగారు వాళ్ళందరికీ టీ కాచి ఇస్తుంది. వడ్రంగి గుమ్మంలో కూర్చుని చిత్రిక పడుతూ, ఆ మాటలన్నీ వింటూ, పనికొచ్చే చెక్క దొరికితే పక్కన పెడుతుంటాడు.